పర్మిషన్ ఒక్క రోజులో, టేపు కొలతకు రెండు రోజులు: హనుమకొండలో ఒక ప్లాన్ ఆఫీసుతో మా అనుభవం

హనుమకొండలో మా ఇంటికి ప్లాన్ గీసి, ఆన్‌లైన్‌లో పర్మిషన్ పెట్టి, చివర్లో ఓసీ (ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయిందని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) దాకా నడిపించిన ఇంజనీరు ఆఫీసు గురించి రాస్తున్నాను. 5కు 4 ఇస్తాను. ఆఫీసు పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే కింద ఆయన మీద ఫిర్యాదులు కూడా ఉన్నాయి, తన మాట చెప్పుకోవడానికి ఆయన ఇక్కడ లేరు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఏం అడగాలో తెలిస్తే చాలని రాస్తున్నాను.

మా సంగతి ముందు చెప్తాను. మా ఆయనది భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం, షిఫ్టులు, వారానికి ఒక రోజు వస్తే గొప్ప. అందుకే ఇంటి పని మొత్తం నేను, అత్తమ్మ చూసుకున్నాం. జాగ మా మామ 2006లో కొన్నది, అత్తమ్మ పేరు మీద, 30 బై 60, అంటే 200 గజాలు, తూర్పు ముఖం. వెంచర్‌కు అప్పట్లో అప్రూవల్ లేదు. మామ పోయిన తర్వాత ఆ జాగ అట్లాగే తుమ్మచెట్లతో ఉండిపోయింది. 2022 దసరా తర్వాత ఇక కిరాయి ఇళ్లు చాలనుకొని మొదలుపెట్టాం.

మొదట ఈ ఇంజనీరు దగ్గరికి వెళ్లలేదు. తెలిసిన వాళ్లు చెప్తే ఇంకొకతని దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితాల జిరాక్సులు తీసుకొని పది నిమిషాల్లో, అన్నీ కలిపి 60 వేలు, వారంలో పర్మిషన్ చేతిలో పెడతా, మీరు లోపల ఎంత కట్టుకున్నా కాగితం మీద కరెక్టుగా చూపిద్దాం అన్నాడు. ఆ మాట వినగానే అత్తమ్మకు ధైర్యం వచ్చింది, నాకు భయం వచ్చింది. కాగితం మీద ఒకటి, జాగలో ఒకటి ఉంటే రేపు సంతకం ఎవరిది? మాదే కదా. ఈ ప్రశ్న అడిగితే, అందరూ గట్లనే కడుతున్నరు మేడం, ఏం కాదు అన్నాడు. అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాం.

తర్వాత మా స్కూల్లో తోటి టీచరు చెప్పింది ఈ ఆఫీసు గురించి. ఒక జిరాక్స్ షాపు మీద మొదటి అంతస్తు, రెండు గదులు, ఒక అసిస్టెంటు అబ్బాయి, గోడకు పాత ప్లాన్ల రోల్స్. సార్‌కు యాభై దాటి ఉంటాయి. కూర్చోగానే ప్లాన్ గురించి మాట్లాడలేదు. నాలుగు ప్రశ్నలు వేశారు. జాగ ఎవరి పేరు మీద ఉంది, లోను ఎవరి పేరు మీద తీస్తారు, ఎల్ఆర్ఎస్ (అప్రూవల్ లేని ప్లాట్లను రెగ్యులర్ చేసే స్కీము) కట్టారా, దగ్గరలో నాలా గానీ కుంట గానీ ఉందా. ఈ నాలుగింటికీ జవాబు తెలిశాకే గీత గీస్తానన్నారు. అప్పుడు విసుగొచ్చింది గానీ మా డబ్బు మిగిలింది ఆ నాలుగు ప్రశ్నల వల్లనే.

పేరు సంగతి చూడండి. జాగ అత్తమ్మది, లోను మా ఆయన పేరు మీద. పర్మిషన్ జాగ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల పేరు మీదే వస్తుంది, తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే బ్యాంకు దగ్గర ఇరుక్కుంటారు అని చెప్పి, ముందే గిఫ్ట్ డీడ్ చేయించుకోమన్నారు. ఇంకో చిక్కు, దస్తావేజులో అత్తమ్మ పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. మా వైపు ఆ వయసు వాళ్లందరికీ ఇదే బాధ. ముందుగా ఆ పేరు తేడా సరిచూసుకొని, ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌కు వెళ్లాం. అత్తమ్మ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. మామ కొన్న జాగ కదా. ఆ రోజు నేను ఆమెను తొందర పెట్టలేదు.

ఎల్ఆర్ఎస్ విషయంలో మామకు దండం పెట్టాలి. 2015లో వచ్చిన స్కీములో ఆయన అప్లై చేసి డబ్బు కట్టి ప్రొసీడింగ్స్ కాగితం కూడా తీసుకొని ఇనుప బీరువాలో, రేషన్ కార్డు కింద, ప్లాస్టిక్ కవరులో పెట్టారు. మాకు ఎవరికీ తెలియదు. సార్ అడగకపోతే వెతికేవాళ్లం కాదు, మళ్లీ కట్టేవాళ్లం. మీ ఇంట్లో కూడా పాత వెంచర్ ప్లాటు ఉంటే ముందు బీరువా వెతకండి. 2020 ఆగస్టులో ఇంకో స్కీము వచ్చింది, అప్పుడు ప్లాటుకు 1000 రూపాయలు కట్టి అప్లై చేసిన వాళ్లు లక్షల మంది, ఆ ఫైళ్లు ఏళ్ల తరబడి ఆగి, 2025లో 25 శాతం తగ్గింపు ఇచ్చాక కదిలాయి. ఆ 1000 రూపాయల రసీదు కూడా పారేయొద్దు.

నాలా మా జాగకు నలభై మీటర్ల దూరంలో ఉంది. పది మీటర్ల కంటే వెడల్పు ఉన్న నాలా అయితే అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు వదలాలి. చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి, పది హెక్టార్లు అంతకు మించినదైతే 30 మీటర్లు, చిన్న కుంటయితే 9 మీటర్లు. ఇదంతా 2012లో వచ్చిన 168 నంబరు జీవోలో ఉందట. మాకు ఇబ్బంది లేదు, అయినా ఆయన స్వయంగా వెళ్లి నాలా చూసి వచ్చారు.

ఇక టేపు సంగతి. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

దస్తావేజులో 200 గజాలు అని ఉంటే మాకు 200 గజాలే అనుకున్నాం. ఆయన, అసిస్టెంటు అబ్బాయి రెండు రోజులు వచ్చి, ముళ్ల చెట్లు కొట్టించి, నాలుగు వైపులా, రెండు మూలల నుంచి మూలలకు టేపు పట్టారు. జాగ కొలత సరిగ్గానే ఉంది. తేడా రోడ్డులో ఉంది. వెంచర్ మ్యాపులో మా రోడ్డు 30 అడుగులు. నేల మీద 24 అడుగులే. అందరూ కొంచెం కొంచెం ముందుకు జరిగి ప్రహరీలు కట్టుకున్నారు. రూలు ప్రకారం రోడ్డు మధ్య నుంచి మా వైపు 15 అడుగులు ఉండాలి, ఉన్నవి 12, కాబట్టి 3 అడుగులు మేము రోడ్డుకు వదలాలి. 3 ఇంటూ 30 అంటే 90 చదరపు అడుగులు, సరిగ్గా 10 గజాలు. మా 200 గజాలు 190 అయ్యాయి.

అత్తమ్మ ఆ రోజు అన్నం తినలేదు. "మన పైసలు పెట్టి కొన్న జాగల మూడడుగులు ఎందుకు ఇడవాలె? పక్కోళ్లు ఇడిసిండ్రా?" అని ఒకటే మాట. ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు, నాకూ బాధగానే ఉంది. సార్ ఆమె ముందు కుర్చీ వేసుకొని కూర్చొని, "అమ్మా, వాళ్లు కట్టిన రోజు అడిగేవాళ్లు లేరు. మీరు ఇప్పుడు సంతకం పెడుతున్నారు, వదిలాం అని రాసి వదలకపోతే కూలగొట్టేది మీ గోడనే" అని నిదానంగా చెప్పారు. కోపం చేయలేదు, తొందర పెట్టలేదు. ఈ ఒక్క దానికే నేను ఒక స్టార్ ఎక్కువ ఇస్తాను.

ఆ తర్వాత సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ. 190 గజాలంటే దాదాపు 159 చదరపు మీటర్లు. మా సైజుకు ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అడుగుల్లో చెప్తే ముందు 5, మిగతా వైపులా 3 అడుగుల 3 అంగుళాలు. అన్నీ తీసేస్తే ఇల్లు కట్టుకోవడానికి మిగిలింది ఇరవై మూడున్నర అడుగుల వెడల్పు, నలభై ఎనిమిది ముప్పావు అడుగుల పొడవు, సుమారు 1145 చదరపు అడుగులు. మేము వాస్తు చెప్పిన పెద్దమనిషితో గీయించుకున్న ప్లాన్ 26 అడుగుల వెడల్పుతో, దక్షిణం సందులో ఆగ్నేయానికి బయటి మెట్లతో ఉంది. మెట్లు సందులో పెడితే సెట్‌బ్యాక్‌లో కట్టినట్టే అని కొట్టేశారు. మెట్లు లోపలికి వచ్చాయి, పిల్లల గది పది బై పది అయింది, పూజ గది హాల్లో అల్మారా అయింది. మూడు సార్లు మార్చి గీశారు, మూడో సారి కూడా విసుక్కోలేదు, ఈశాన్యం ఖాళీగా ఉండాలన్న అత్తమ్మ పట్టుదలను కూడా కాపాడారు. ఇల్లు చిన్నదైంది గానీ గాలి వెలుతురు ఎంత బాగున్నాయో, పక్కింటి గోడకు ఆనుకొని కట్టిన ఇళ్లు చూస్తే తెలుస్తుంది.

పర్మిషన్ మాత్రం నిజంగానే ఒక్క రోజులో వచ్చింది. 2023 ఫిబ్రవరిలో టీఎస్ బీపాస్ అనే సర్కారు ఆన్‌లైన్ పర్మిషన్ పద్ధతిలో పెట్టాం. అప్పటి పద్ధతి ఏమిటంటే, 2020 చట్టం ప్రకారం 75 గజాల లోపు, 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటకపోతే మన సొంత ధ్రువీకరణ మీదే వెంటనే పర్మిషన్ వస్తుంది. అంతకు మించితే 21 రోజుల్లో తేల్చే సింగిల్ విండో. మాది రెండో రకం. దస్తావేజు, ఈసీ (జాగ మీద జరిగిన అమ్మకాలు, అప్పులు చూపే కాగితం), ఎల్ఆర్ఎస్ కాగితం, సైట్ ఫొటో, ప్లాన్ ఎక్కించారు, ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, ఫీజు కట్టాం, ఖర్చు అంచనా మీద ఒక శాతం లేబర్ సెస్ కూడా అందులోనే, సాయంత్రానికి కాగితం వచ్చింది. 2025 నుంచి బిల్డ్‌నౌ అని కొత్తది వచ్చింది, అయినా టేపు పట్టే పని అందులోనూ తప్పదు.

ఆ కాగితం చూసి సంబరపడి అందరికీ వాట్సాప్ చేశాను. సార్ మాత్రం పిలిచి కూర్చోబెట్టి, ఇది ఎవరూ వచ్చి చూసి ఇచ్చింది కాదు, మీరు చెప్పింది నమ్మి ఇచ్చింది, 21 రోజుల్లో వచ్చి చూస్తారు, అబద్ధం ఉంటే రద్దు చేస్తారు, ప్లాన్ దాటి కడితే నోటీసు లేకుండానే కూలగొట్టే అధికారం చట్టంలో ఉంది, కాబట్టి చూసి పోయేదాకా పునాదికి ముగ్గు కూడా పోయొద్దు అన్నారు. మేము ఆగాం. ఇద్దరు వచ్చారు, టేపు పట్టారు, రోడ్డుకు వదిలిన మూడు అడుగులు చూశారు, పావుగంటలో వెళ్లిపోయారు. ఆ పావుగంట నాకు టెన్షన్ లేదు. ముందు చెప్పిన 60 వేల మనిషి దగ్గరికి వెళ్లి ఉంటే ఆ పావుగంట ఎట్లా గడిచేదో ఊహించుకోలేను.

ఇప్పుడు ఫిర్యాదులు.

మొదటిది డబ్బు. 25 వేలు మాట్లాడుకున్నాం. ప్లాన్, అప్‌లోడ్, స్ట్రక్చర్ డ్రాయింగ్, నాలుగు సార్లు సైటుకు రావడం అన్నీ అందులోనే అని నేను అనుకున్నాను. స్ట్రక్చర్‌కు వేరే 8 వేలు అని తర్వాత చెప్పారు. ఓసీ పెట్టేటప్పుడు ఇంకో 5 వేలు. మొత్తం అడిగింది 38 వేలు, చేసిన పనికి అది ఎక్కువ అని నేను అనను, కానీ మొదటి రోజే ఒక కాగితం మీద రాసి ఇస్తే ఏమయ్యేది? లోను డబ్బు విడతలుగా వచ్చే వాళ్లకు 8 వేలు ఒక్కసారి అడిగితే ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియాలి.

రెండోది ఆలస్యం. స్ట్రక్చర్ డ్రాయింగ్ రెండు వారాలు లేటుగా ఇచ్చారు. అప్పటికే మేస్త్రీ గుంతలు తీసేశాడు, లేబర్ ఖాళీగా కూర్చున్నారు, ఫోన్ చేస్తే అసిస్టెంటు అబ్బాయి ఎత్తి "సార్ సైటుకు పోయిండు మేడం" అంటాడు, ఏ సైటుకో తెలియదు, మా సైటుకైతే కాదు. నాలుగు సార్లు వస్తానన్న మనిషి రెండు సార్లే వచ్చారు.

ఆ రెండు సార్లు వచ్చినప్పుడు మాత్రం పని చేసి వెళ్లారు, ఆ మాట దాచను. మా జాగలో ముందు సగం ఎర్ర మొరం, వెనక సగం నల్ల రేగడి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు ఇస్తుంది, పునాది దాని మీద నిలబెడితే గోడలు పగులుతాయి. మేస్త్రీ అన్ని గుంతలూ ఒకే లోతు నాలుగున్నర అడుగులు తీశాడు. సార్ గుంతలోకి దిగి మట్టి చేతిలో పిసికి చూసి, వెనక నాలుగు గుంతలు మొరం తగిలేదాకా దించమన్నారు, ఆరు అడుగుల దాకా పోయాయి. రెండో సారి వచ్చినప్పుడు బేస్‌మెంట్ ఎత్తు మీద మేస్త్రీతో గొడవ. మేస్త్రీ అడుగున్నర చాలన్నాడు, మొరం ట్రిప్పులు మిగుల్తాయి అని మాకూ ఆశ పెట్టాడు. సార్ రోడ్డు కంటే మూడు అడుగులు ఉండాల్సిందే, 2020 ఆగస్టులో ఈ గల్లీలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కవాళ్లను అడగండి అన్నారు. అడిగాం. మూడు అడుగులు పెట్టాం.

2023 జులై 27 మా వైపు ఎవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరే మునిగింది, మా ఆయన అక్కడే చిక్కుకుపోయారు, రోడ్డు లేదు. ఇక్కడ నాలా పొంగి గల్లీలో రెండు అడుగుల నీళ్లు. మా గోడలు అప్పటికి లింటెల్ దాకా, అంటే తలుపుల పై అంచు దాకా లేచాయి. రేకుల షెడ్డులో కింద వరసలో పెట్టిన 40 సిమెంటు బస్తాలు రాయి అయిపోయాయి, ఇసుక కుప్ప సగం కొట్టుకుపోయింది, గోదారి ఇసుక, ఎంత కష్టపడి తెప్పించుకున్నదో. నేను గొడుగు పట్టుకొని గల్లీ చివర నిలబడి ఏడ్చాను. కానీ నీళ్లు బేస్‌మెంట్ మీదికి ఎక్కలేదు, ఒక అడుగు కిందే ఆగాయి. అడుగున్నర పెట్టి ఉంటే ఇవ్వాళ ప్రతి వానకూ ఇంట్లో బకెట్లు పట్టుకొని కూర్చునేవాళ్లం.

మూడో ఫిర్యాదు ఇంకుడు గుంత. ఇది పెద్దదే. ప్లాన్‌లో ఈశాన్యం వైపు ఇంకుడు గుంత గీశారు, కానీ సైటులో ఎక్కడ, ఎంత లోతు అని ఆయన గుర్తు పెట్టలేదు, మేస్త్రీ తవ్వలేదు, నాకు గుర్తు రాలేదు. ఇల్లు అయిపోయి, చుట్టూ పార్కింగ్ టైల్స్ వేయించాక, ఓసీ కోసం వెళ్తే ఇంకుడు గుంత ఫొటో ఏది అన్నారు. లేదు అంటే, ఓసీకి పెట్టనన్నారు సార్. నిజమే, పెట్టకూడదు. కానీ సైటు చూసిన రోజే చెప్పి ఉంటే? కొత్త టైల్స్ పగలగొట్టి, మనిషి పట్టే సందులో గుంత తవ్వించి, కంకర, ఇసుక నింపించేసరికి 11 వేలు అయింది. ఈ తప్పులో సగం ఆయనది. ఆయన కూడా ఒప్పుకున్నారు, ఓసీ 5 వేలలో 2 వేలు తగ్గించారు.

ఓసీ ఎందుకు అని మా మేస్త్రీ చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. "కాయితం కాయితమే అక్కా, కట్టుడు కట్టుడే" అంటాడు. మాకు బ్యాంకు ఆఖరి విడత ఆ కాగితం చూశాకే ఇచ్చింది, ఇంటి నంబరు, పన్ను అన్నీ దాని వెంటే సులువుగా అయ్యాయి. కరెంటు సంగతి కూడా ఆయనే ముందు చెప్పారు, కట్టేటప్పుడు పక్కింటి మీటరు నుంచి వైరు లాగొద్దని, నిర్మాణానికి టెంపరరీ కనెక్షన్ వేరే తీసుకోవాలని. పక్కింటి అన్న మంచి మనసుతో ఇస్తానన్నా మేము తీసుకోలేదు. ఇంటి కనెక్షన్‌తో కట్టుబడి చేస్తూ దొరికితే జరిమానా పడేది ఆ అన్నకు.

రోడ్డుకు వదిలిన మూడు అడుగుల మీద అత్తమ్మ ఇప్పుడు ఏమంటుందని మా ఆడబిడ్డ అడిగింది. స్లాబు రోజు కంకర లారీ ఆ గల్లీలో వెనక్కి తిరగలేక, సరిగ్గా మా ముందున్న ఆ మూడు అడుగుల్లోకి వచ్చి మలుపుకుంది. అత్తమ్మ చూస్తూ నిలబడింది. ఏమీ అనలేదు గానీ, తెల్లారి అక్కడ పెట్టిన పూల కుండీలు తనే తీసి లోపల పెట్టింది.

డబ్బు సరిపోక ఇప్పుడు కింది అంతస్తుకే పర్మిషన్ తీసుకున్నాం, పిల్లర్లు మాత్రం పైకి లేపుకునేలా వేయించాం. పై అంతస్తుకు మళ్లీ ప్లాన్ పెట్టాలి, దానికీ ఈ ఆఫీసుకే వెళ్తాను. ఈసారి మాత్రం ఏ పనికి ఎంత, సైటుకు ఎన్ని సార్లు, ఏ డ్రాయింగ్ ఏ తారీఖుకు, అన్నీ రాయించుకొని, ఆయన సంతకం తీసుకున్నాకే అడ్వాన్సు ఇస్తాను.